కనుబొమల కాపీ

మంగళవారం ఉదయం ఆరున్నరకల్లా ఫ్రిజ్ తలుపు మీద ఆ రోజు కార్యక్రమం అంటించి ఉంది. ఏడింటికి గోళీకి స్నానం. ఏడున్నరకు పాలు. ఎనిమిదింటికి ఆఖరి పునశ్చరణ. తొమ్మిదింటికి బయలుదేరడం. పదింటికి పరీక్ష. అన్నిటికీ కింద ఎర్ర సిరాతో రెండు గీతలు గీసి "ఎవరూ గాభరా పడరాదు" అని రాసి ఉంది. రాసింది తాతయ్య. ఇంట్లో గాభరా పడుతున్నది కూడా ఆయన ఒక్కడే.

గోళీ ఆయన కూతురి కూతురు. గుండ్రంగా ఉంటుంది, పెట్టినచోట ఉండదు, అందుకని ఆ పేరు స్థిరపడింది. వయసు రెండేళ్ళ రెండు నెలలు. వచ్చిన మాటలు ఏమీ లేవు. కావలసినదాన్ని వేలితో చూపిస్తుంది, అక్కర్లేనిదాన్ని విసిరేస్తుంది. ఈ రెండు పనులతోనే నలుగురు పెద్దవాళ్ళున్న ఇంటిని నడుపుకొస్తోంది. పది రోజుల కిందట పిల్లల డాక్టరు "మాటల సంగతి తర్వాత, ముందు చెవులు పరీక్ష చేయించండి" అని ఒక చీటీ రాసిచ్చాడు. ఆ చీటీ గడప దాటి లోపలికి వచ్చిన పూట నుంచి ఇల్లు రెండు పక్షాలయింది.

"మా వైపు చెవులు వినపడనివాళ్ళు ఎవరూ లేరు అన్నయ్యగారూ" అంది గోళీ నానమ్మ, వియ్యంకుడికి టీ గ్లాసు అందిస్తూ. "మా మామగారైతే ఎనభై ఏళ్ళప్పుడు కూడా పక్కింటివాళ్ళు మా గురించి ఏమనుకుంటున్నారో మంచం మీద పడుకునే చెప్పేవారు."

"మా వైపు మాత్రం ఎవరున్నారు చెల్లెమ్మా?" అన్నాడు తాతయ్య.

"ఉన్నారని నేను అనలేదుగా. మీకెందుకంత ఉలుకు?"

ఒక్క విషయంలో మాత్రం వియ్యాలవారిద్దరికీ రాజీ కుదిరింది. పిల్లకు శుభ్రంగా వినపడుతోంది. తలుపు ధడేల్మని వేస్తే తిరుగుతోంది. డబ్బా బోర్లించి దరువు వేస్తే పరుగెత్తుకొస్తోంది. ఇంకేం కావాలి? గోళీ తండ్రి లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఆయన ఎప్పుడూ ఎవరో ఒకరు చెప్పిందానికి తల ఊపుతుంటాడు గనక దీనికీ ఊపాడు. ఊపనిది గోళీ తల్లి ఒక్కతే. ఆమె మందుల దుకాణంలో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. అడిగినవాళ్ళు అడిగింది కాక అసలు వాళ్ళకు కావలసిందేమిటో మొహం చూసి పట్టుకోవడం ఆమెకు అలవాటు.

"వెనకనించి పేరు పెట్టి పిలిస్తే తిరగదు నాన్నా. ఎదురుగా ఉంటే నా కళ్ళకేసి చూడదు, నా నోటికేసి చూస్తుంది" అంది ఆమె.

"చిన్నపిల్ల. అన్నీ చూస్తుంది."

"అదే నేనూ చెబుతున్నది. అన్నీ చూస్తుంది."

ఇక్కడ తాతయ్య ఉద్యోగం గురించి చెప్పాలి. ఆయన ముప్పై ఏళ్ళు పరీక్షల స్క్వాడులో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన జీపు దిగుతుంటే పరీక్ష హాలు కిటికీల్లోంచి చీటీలు వానలా రాలేవని చెప్పుకుంటారు. మేజోళ్ళలో దాచినవి, కలం మూతలో చుట్టినవి, ఒకసారి చేతికి వేసుకున్న ఉత్తుత్తి సిమెంటుకట్టు లోపల రాసుకున్నవి కూడా ఆయన పట్టుకున్నాడు. ఎవరినీ వదిలింది లేదు. కానీ అన్నేళ్ళు పరీక్షల మధ్య బతకడంవల్ల ఆయన మనసులో ఒకటి ముద్రపడిపోయింది. పరీక్ష అని పేరున్న ప్రతిదానికీ రెండే ఫలితాలు: పాసు, ఫెయిలు. తన మనవరాలు ఫెయిలవడమన్నది ఆయన ఊహకు అందని సంగతి.

అందుకని చీటీ వచ్చిన మర్నాడే, దరఖాస్తు తెస్తానని చెప్పి ఆయన ఒక్కడూ ఆ వినికిడి పరీక్షల కేంద్రానికి వెళ్ళాడు. దరఖాస్తు రెండు నిమిషాల్లో చేతికిచ్చారు. ఆయన గంటన్నర కూర్చున్నాడు. పరీక్ష గది తలుపు తెరుచుకున్నప్పుడల్లా తొంగిచూశాడు. బయటికొచ్చిన తల్లులను పలకరించాడు. ఇంటికి వచ్చేసరికి మొత్తం రాబట్టాడు.

"సిలబస్ దొరికింది" అన్నాడు చెప్పులు విప్పకుండానే. "పిల్లను తల్లి ఒళ్ళో కూర్చోబెడతారు. ఎక్కడో ఒక చప్పుడవుతుంది. పిల్ల పక్కకు తిరగాలి. తిరిగితే పక్కనున్న పెట్టెలో లైటు వెలిగి బొమ్మ కోతి డప్పు కొడుతుంది. అంతే. వారం రోజులు సాధన చేయిస్తే నూటికి నూరు."

ప్రశ్నపత్రం ముందుగా బయటికి రావడం అంటారు దీన్ని. వేరేవాళ్ళెవరైనా చేసి ఉంటే తాతయ్యే కేసు రాసేవాడు.

ఆ సాయంత్రమే సాధన మొదలైంది. తండ్రి ఒక అట్టపెట్టెకు ముందువైపు కిటికీ కోసి, లోపల బల్బు బిగించి, తీగ లాగి మీట పెట్టాడు. కోతి బొమ్మ ఇంట్లో లేదు. ఎలుగుబంటి ఉంది. పెట్టె వెనకాల నేలమీద చతికిలబడి ఎలుగుబంటి చేతులు ఆడించే బాధ్యత నానమ్మ మీద పడింది.

"ఈ వయసులో నన్ను ఎలుగుబంటి వెనకాల కూర్చోబెట్టారు" అంది ఆవిడ.

"పిల్ల భవిష్యత్తు చెల్లెమ్మా."

"నా మోకాళ్ళ భవిష్యత్తు కూడా కాస్త చూడండి."

తల్లి ఒళ్ళో గోళీ. ఎదురుగా కుర్చీలో పర్యవేక్షకుడిగా తాతయ్య, చేతిలో మార్కుల కాగితం. తండ్రి వెనకనుంచి చెంచాతో గ్లాసు మీద టంగుమని కొడతాడు. పిల్ల తిరిగితే మీట నొక్కుతాడు. మొదటి రోజు పదికి మూడు. రెండో రోజు ఆరు. నాలుగో రోజుకి పదికి పది. చివరికి చెంచాను గ్లాసుకు తగిలీ తగలకుండా ఆనించినా గోళీ చటుక్కున తిరిగింది. తాతయ్య కాగితం మీద నూటికి నూరు వేసి సంతకం కూడా పెట్టాడు. తల్లి ఆ రాత్రి చాలా రోజుల తర్వాత సుఖంగా నిద్రపోయింది. తను ఊరికే బెంగపడ్డానేమోనని ఆమెకు మొదటిసారి అనిపించింది.

ఆ నలుగురిలో ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. తాతయ్య కనుబొమలు రెండు తెల్లటి గొంగళిపురుగుల్లా ఉంటాయి. గ్లాసు మోగినప్పుడల్లా, పిల్ల తిరుగుతుందా తిరగదా అన్న ఆత్రంతో ఆ పురుగులు రెండూ అరంగుళం పైకి పాకుతాయి. పాకిన మరుక్షణం ఎలుగుబంటి వెలుగుతుంది. గోళీ రెండో రోజే ఇది కనిపెట్టింది. ఆ తర్వాత ఆ పిల్లకు గ్లాసుతో పనిలేకపోయింది.

మంగళవారం పదింటికి ఐదుగురూ కేంద్రంలో ఉన్నారు. పరీక్ష చేసే ఆడియాలజిస్టు ముప్పై దాటని అమ్మాయి. నెమ్మదిగా మాట్లాడుతుంది, ఎవరు మాట్లాడుతున్నా మధ్యలో అడ్డుపడదు. ముందు గోళీ చెవుల్లోకి చిన్న లైటు వేసి చూసింది. చిన్న గొట్టం ఆనించి చెవి లోపలి పొర కదలిక చూసింది.

"గుబిలి అడ్డంలేదు, నీరు చేరలేదు" అంది. "ఇప్పుడు లోపలి గదిలోకి వెళదాం. వేరువేరు చప్పుళ్ళు పెడతాను. కొన్ని లావుగా, కొన్ని సన్నగా. ఒక్కోదాన్నీ తగ్గించుకుంటూ పోతాను. ఎంత చిన్న చప్పుడుకి తిరుగుతుందో చూడటమే పని. ఒళ్ళో కూర్చోబెట్టుకున్నవాళ్ళు కదలకూడదు. తోడు ఇంకొకళ్ళు కూర్చోవచ్చు గానీ మాట, సైగ ఏమీ ఉండకూడదు."

"ఆ నియమాలు నాకు చెప్పక్కర్లేదమ్మా" అన్నాడు తాతయ్య. "ముప్పై ఏళ్ళు నేను చెప్పినవే."

లోపలి గది గోడలన్నిటికీ మెత్తటి స్పాంజి అంటించి ఉంది. తలుపు బీరువా తలుపంత మందం. తల్లి ఒళ్ళో గోళీ కూర్చుంది. ఎడంపక్క నల్లటి పెట్టెలో కోతి. ఎదురుగా కుర్చీలో తాతయ్య. తల్లీబిడ్డల వీపు వెనక గోడలో పెద్ద అద్దాల కిటికీ, దాని అవతల యంత్రం ముందు ఆడియాలజిస్టు. గోళీ మొహం ఆమెకు ఒక చిన్న తెర మీద కనిపిస్తుంది. తాతయ్య మొహం అద్దంలోంచి సూటిగా కనిపిస్తుంది. తండ్రి, నానమ్మ ఆమె పక్కన బల్ల మీద కూర్చున్నారు.

మొదటి చప్పుడు గట్టిగా వచ్చింది. గోళీ తిరిగింది. కోతి డప్పు కొట్టింది. రెండోది, మూడోది, నాలుగోది. ప్రతిదానికీ తిరిగింది. ఆడియాలజిస్టు చప్పుడు తగ్గించింది. తిరిగింది. ఇంకా తగ్గించింది. ఇంకా చురుగ్గా తిరిగింది. సన్నటి ఈల లాంటిది పెట్టింది. దానికీ తిరిగింది. బయట నానమ్మ కొడుకు భుజం మీద ఒకటి చరిచింది. "చూశావా, మన పోలిక."

ఆడియాలజిస్టు మాత్రం కాగితం మీద ఏమీ రాయలేదు. ఇంత చక్కటి చెవులున్న పిల్లకు రెండేళ్ళు దాటినా ఒక్క మాట రాకపోవడమేమిటని ఆలోచిస్తూ, ఆమె చెయ్యి బొత్తాం దగ్గరికి తీసుకెళ్ళి, నొక్కకుండా ఆపింది.

తాతయ్య కనుబొమలు లేచాయి. గోళీ తిరిగింది.

ఆమె మళ్ళీ చెయ్యి జరిపింది, నొక్కలేదు. కనుబొమలు లేచాయి. గోళీ తిరిగింది. మూడోసారి కూడా అదే చేసి, లేచి వెళ్ళి ఆ మందపాటి తలుపు తెరిచింది.

"తాతగారూ, ఆఖరి మూడుసార్లూ నేను చప్పుడు పెట్టలేదండీ."

గోళీ కోతికేసి చూస్తోంది, ఇంకా వెలగలేదేమని.

"నేను నోరు విప్పలేదు" అన్నాడు తాతయ్య. "చెయ్యి కదపలేదు. కాలు కదపలేదు."

"కనుబొమలు కదిపారు. ఎప్పటినుంచో ఆ పాపకు వాటితో పరిచయం ఉన్నట్టుంది."

తాతయ్య చెయ్యి దానంతటదే నుదుటి దగ్గరికి పోయింది. కలం మూతలో చుట్టిన చీటీని పట్టుకున్న మనిషి, సొంత మొహం మీద రెండు చీటీలు అతికించుకుని తిరుగుతున్నట్టు ఆయనకు అప్పుడే తెలిసింది.

"మరి చప్పుడే లేనప్పుడు మీ కనుబొమలు ఎందుకు లేచాయి?" అంది ఆమె.

"మీ చెయ్యి చూశాను."

"చెయ్యెందుకు చూడటం? చప్పుడు వస్తుంది కదా."

తాతయ్య అద్దాన్ని పరీక్షగా చూసి, "మీ గోడలు మందంగా ఉన్నాయమ్మా, చప్పుడు సరిగా రావడంలేదు" అన్నాడు. ఆడియాలజిస్టు ఆయనను బయట కూర్చోమంది. ముప్పై ఏళ్ళలో ఎందరినో హాలు బయటికి పంపిన మనిషి ఆ బీరువా తలుపు దాటి, తల వంచుకుని వెళ్ళి, వియ్యపురాలి పక్కన కూర్చున్నాడు. ఆవిడ కొంచెం పక్కకు జరిగింది, అంతే.

పరీక్ష మళ్ళీ మొదలైంది. రెండు నిమిషాలు కాకుండానే ఆమె మళ్ళీ లేచింది.

"చప్పుడు రాగానే మీ మోకాళ్ళు బిగుస్తున్నాయమ్మా" అంది తల్లితో. "మీ తప్పు కాదు. అందరు తల్లులూ అంతే. ఇది పెట్టుకోండి." అని తల్లి చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టింది. వాటిలో ఆగకుండా జల్లు పడుతున్నట్టు హోరు వస్తుంది. ఇంకేమీ వినపడదు. గోళీకి అందే దారులన్నీ అలా మూసుకుపోయాయి. చెవి ఒక్కటే మిగిలింది.

లావుపాటి చప్పుడు గట్టిగా పెడితే గోళీ తిరిగింది. తగ్గిస్తే తల్లి చొక్కా గుండీ పట్టుకుంది. సన్నటి చప్పుడు గట్టిగా పెట్టినా గుండీ వదల్లేదు. అద్దం ఇవతల చిన్న స్పీకరులోంచి ప్రతి చప్పుడూ తండ్రికి వినిపిస్తోంది.

"ఇప్పుడు పెట్టారు కదండీ?"

"పెట్టాను."

"ఇప్పుడు కూడా?"

"ఇప్పుడు కూడా."

తండ్రి మామగారి వైపు తిరిగి, "మామయ్యగారూ, ఇదీ వినలేదు" అన్నాడు గొంతు తగ్గించి.

"ఏది?" అన్నాడు తాతయ్య.

లోపల తల్లి హోరు మధ్య కూర్చుని నల్లటి పెట్టెకేసి చూస్తోంది. ఎన్ని చప్పుళ్ళు వచ్చాయో, ఎన్ని పోయాయో ఆమెకు తెలియదు. కోతి చాలాసేపు వెలగలేదని మాత్రం తెలుసు.

బయటికొచ్చాక ఆడియాలజిస్టు చెప్పింది. "వినికిడి తక్కువగా ఉన్నట్టుంది. లావు చప్పుళ్ళు కొంత అందుతున్నాయి, అందుకే తలుపు వేస్తే తిరుగుతుంది. మాటలో సన్నటి భాగాలు అందడంలేదు. ఎంత తక్కువో, ఏ చెవిలో ఎంతో కచ్చితంగా తెలియాలంటే నిద్రలో చేసే పరీక్ష ఒకటుంది. నుదుటి మీద, చెవుల వెనక చిన్న బిళ్ళలు అతికించి, చెవిలో చప్పుడు పెట్టి, మెదడు దాకా చేరిందో లేదో యంత్రంలో చూస్తాం. పాప ఏమీ చెయ్యక్కర్లేదు, నిద్రపోతే చాలు."

"నిద్రలో కాపీ కొట్టడం కుదరదు" అన్నాడు తండ్రి, ఎవరినీ ఉద్దేశించకుండా.

ఇంటికి వచ్చాక తాతయ్య ఫ్రిజ్ మీది కాగితం చింపేశాడు. మార్కుల కాగితం తీసి చూస్తూ కూర్చున్నాడు. కూతురు వచ్చి పక్కన కూర్చుంది.

"ఆ అమ్మాయి పట్టుకోకపోతే ఇవాళ అది పాసయ్యేది" అన్నాడు ఆయన. "ఏమీ లేదని రాసిచ్చేవాళ్ళు. ఇంకో ఏడాది మనం మాటలకోసం ఎదురుచూస్తూ కూర్చునేవాళ్ళం."

"దాన్ని పాస్ చేయించకండి నాన్నా. దానికి ఏం వినపడుతోందో నాకు తెలిస్తే చాలు."

ఆయన మార్కుల కాగితం మడిచి, "ఈసారి నేను గదిలోకే రాను" అన్నాడు. ఆ మాట ఆయన నిలబెట్టుకోలేకపోవడం ఆయన తప్పు కాదు.

నిద్ర పరీక్షకు తొమ్మిది రోజుల గడువిచ్చారు. నియమం సులభంగానే ఉంది. పిల్లను ముందురోజు ఆలస్యంగా పడుకోబెట్టి, తెల్లవారుజామున లేపెయ్యాలి. పరీక్ష గదికి వచ్చేదాకా కునుకు పడనివ్వకూడదు. అక్కడికొచ్చాక పాలు తాగించి పడుకోబెట్టాలి. ఫ్రిజ్ మీద కొత్త కాగితం వెలిసింది: "నిద్ర నిషేధం". ఐదింటినుంచి ఆరున్నర దాకా నానమ్మ, ఆ తర్వాత తండ్రి, ఎనిమిదింటినుంచి తాతయ్య, బస్సులో అందరూ.

నానమ్మ దాగుడుమూతలాడింది. తండ్రి గోళీని భుజాన వేసుకుని నాలుగంతస్తుల మెట్లూ మూడుసార్లు ఎక్కి దిగాడు, లిఫ్టుల మెకానిక్కయి ఉండి. తాతయ్య గుర్రమయ్యాడు. బస్సులో గోళీ రెప్ప వాలినప్పుడల్లా నలుగురూ నాలుగు వైపులనుంచి చక్కిలిగింతలు పెట్టారు. ముందు సీటులో ఉన్నావిడ "పసిపిల్లని పడుకోనివ్వరేమిటి, కన్నవాళ్ళేనా మీరు?" అని నిలదీసింది. "పరీక్షకి తీసుకెళుతున్నామండీ" అన్నాడు తాతయ్య. "ఈ వయసులో కూడానా" అని ఆవిడ వాళ్ళ చదువుల పిచ్చిని దిగేదాకా తిడుతూనే ఉంది.

ఫలితంగా, పరీక్ష గదికి చేరేసరికి నలుగురు పెద్దవాళ్ళూ సగం చచ్చి ఉన్నారు. గోళీ తళతళలాడుతోంది.

గది చీకటిగా, చల్లగా ఉంది. మధ్యలో మంచం. గోళీ పాలు తాగి, ఖాళీ సీసాను తండ్రి మీదికి విసిరి, మంచం మీద గంతులు వేసింది. తల్లి ఊపింది. నానమ్మ జోల పాడింది. గోళీ ఆవిడ గొంతు మీద అరచెయ్యి ఆనించి ఆ అదురును శ్రద్ధగా పరిశీలించింది గానీ పడుకోలేదు. పదినిమిషాల్లో తండ్రి కుర్చీలోనే గుర్రుపెట్టాడు. నానమ్మ పాడుతూ పాడుతూ ఒక చరణం మధ్యలో తల వాల్చేసింది.

తల్లి గుమ్మం దగ్గరికి వెళ్ళి, "నాన్నా, రండి. ఎవరో ఒకరు పడుకుని చూపిస్తే అదీ పడుకుంటుందేమో" అంది.

"నేను లోపలికి రానని చెప్పాను."

"ఇందులో సైగలు అక్కర్లేదు. కళ్ళు మూసుకుంటే చాలు."

నిద్రపోతున్నట్టు నటించడానికి తాతయ్య మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. ఐదింటికి లేచి గుర్రమైన మనిషి. నటన ఒక నిమిషం కూడా సాగలేదు. గురక మొదలైంది. మంచం సన్నగా అదిరింది. గోళీ గంతులాపి, ఆ బొజ్జ మీద చెయ్యి వేసి చూసింది. తర్వాత చెంప ఆనించింది. తర్వాత మనిషంతా ఎక్కి బోర్లా పడుకుంది. గదిలో అందరి చెవులూ గింగురుమనిపించే ఆ గురక మీద, అదే ఉయ్యాలన్నట్టు, హాయిగా నిద్రపోయింది.

ఆడియాలజిస్టు చప్పుడు కాకుండా వచ్చి నుదుటి మీద ఒకటి, చెవుల వెనక చెరొకటి బిళ్ళలు అతికించింది. యంత్రం తెర చూసి తల అడ్డంగా ఊపింది. "గురకకి గీతలన్నీ గజిబిజిగా వస్తున్నాయి. కిందకి దించితే పాప లేస్తుంది." ఇక మిగిలింది తాతయ్యను లేపడం. తల్లి ఆయన చెవి దగ్గర "నాన్నా" అని మెల్లగా పిలిచింది. పలకలేదు. కొంచెం పెంచింది. పలకలేదు. ఆడియాలజిస్టు అది గమనించి, ఈసారి మాత్రం కాగితం మీద ఏదో రాసుకుంది. చివరికి నానమ్మ లేచి అరికాలు గిల్లింది.

"కదలకండి అన్నయ్యగారూ" అంది ఆవిడ, ఆయన కళ్ళు తెరవగానే. "పిల్ల మీ మీద ఉంది. గంటసేపు కదలకూడదు, గురక పెట్టకూడదు, నిద్రపోకూడదు. ఊపిరి పీల్చుకోవచ్చు, మెల్లగా."

ఆ గంట తాతయ్య కన్ను మూయలేదు. ముక్కు దురద పెడితే నానమ్మ చీర కొంగుతో తుడిచింది. కునుకు వచ్చినప్పుడల్లా అరికాలు గిల్లింది. అవసరానికి మించి గిల్లిందని ఆయన తర్వాత ఆరోపించాడు.

ఫలితం ఒక గీతల పటంలా వచ్చింది. ఆడియాలజిస్టు దాన్ని తల్లి ముందు పరిచింది. "రెండు చెవుల్లోనూ తక్కువే ఉంది. లోపలి చెవిలో లోపం, మందులతో పోయేది కాదు. కానీ మిగిలి ఉన్న వినికిడి పనికొచ్చేదే. రెండు చెవులకీ వినికిడి యంత్రాలు పెడితే మాట అందుతుంది. మాటలు నేర్పే టీచరు దగ్గరికి కూడా పంపిస్తాను. ఈ వయసులో తెలియడం మంచిదయింది."

తల్లి పటం మీద వేలు పెట్టి గీత వెంట మెల్లగా నడిపించింది. కళ్ళు తుడుచుకుంది. "అయితే నేను పిలిచినప్పుడు అది మొండితనం చెయ్యలేదన్నమాట" అంది. "వెనకనించి పిలిస్తే పలకలేదని దాన్ని ఎన్నిసార్లు కోప్పడ్డానో."

"ఫెయిలైనట్టా అమ్మా?" అని అడిగాడు తాతయ్య.

"ఇందులో పాసూ ఫెయిలూ లేవండి. పటం దొరికింది, ఇక దారి చూసుకోవడమే."

"ఎవరి వైపునించి వచ్చిందంటారు?" అంది నానమ్మ.

"చాలామందిలో కారణం తెలియదండి. తెలిసినా ఎవరి తప్పూ కాదు." నానమ్మకు ఈ జవాబు అంతగా నచ్చలేదు.

మూడు వారాల తర్వాత గోళీ చెవుల వెనక రెండు చిన్న నీలిరంగు యంత్రాలు వచ్చాయి. మొదటి రోజు వాటిని నాలుగుసార్లు పీకి, ఒకసారి తండ్రి చెప్పులో దాచింది. రెండో రోజు ఉంచుకుంది. మూడో రోజు ఉదయం వంటింటి గుమ్మంలో కదలకుండా నిలబడిపోయింది. తర్వాత వేలు చాచి సింకు వైపు చూపించింది. తల్లి వెళ్ళి గ్లాసు ఇచ్చింది. విసిరేసింది. గిన్నె ఇచ్చింది. విసిరేసింది. అందరూ చేరారు. ఏం కావాలో ఎవరికీ అర్థం కాలేదు.

"కొళాయి" అంది తల్లి హఠాత్తుగా. "కొళాయి కారుతోంది. ఆ చుక్కల చప్పుడు వింటోంది."

నిజమే. మూడు నెలలుగా ఆ కొళాయి కారుతోంది. టప్, టప్ అని. అందరూ అలవాటుపడి మరిచిపోయారు. నానమ్మ వెంటనే కొడుకుతో, "అది బాగుచెయ్యకు, కొన్నాళ్ళు అలాగే ఉండనీ" అంది.

తాతయ్య సింకు మీదికి వంగి, చెవి ఒగ్గి, "ఏ చప్పుడు?" అన్నాడు. "నాకేం రావడంలేదే. పిల్ల ఊరికే చూపిస్తోంది."

ముగ్గురు పెద్దవాళ్ళూ కొళాయిని వదిలి ఆయనకేసి తిరిగారు. అద్దం అవతల చేతిని చూడటం, "ఏది?" అనడం, చెవిలో పిలిచినా లేవకపోవడం అన్నీ వరసగా ఒకదాని వెనక ఒకటి వచ్చి వాళ్ళ మొహాల్లో కూర్చున్నాయి.

"అన్నయ్యగారూ" అంది నానమ్మ ఎంతో మృదువుగా, చాలాకాలంగా ఎదురుచూసిన రోజు వచ్చినట్టు. "తెలిసిపోయింది ఎవరి వైపునించో."

ఆ వారంలోనే తాతయ్య అదే గదిలో, అదే కుర్చీలో, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, చేతిలో బొత్తాంతో కూర్చున్నాడు. చప్పుడు వినిపిస్తే నొక్కాలి. అంతకుముందే ఆడియాలజిస్టు నానమ్మతో, ఇలాంటిది వయసువల్ల వచ్చేదనీ గోళీ చెవులకూ దీనికీ సంబంధం లేదనీ చెప్పి ఆవిడ సంతోషాన్ని సగం చేసింది. తాతయ్య అలవాటు తెలుసు గనక తన చేతికీ అద్దానికీ మధ్య ఒక అట్ట కూడా అడ్డం పెట్టుకుంది.

"మోసం చెయ్యనమ్మా" అన్నాడు తాతయ్య. "ఏం వినిపిస్తే అదే." మనస్ఫూర్తిగానే అన్నాడు.

పరీక్ష మొదలైంది. ఆయన నొక్కాడు. ఇంకా సన్నటి చప్పుడు. నొక్కాడు. వంటింటి కొళాయి కన్నా ఎంతో చిన్న చప్పుడు. దానికీ నొక్కాడు. అద్దంలోకి చూస్తూ, మొహం వికసించి, చప్పుడు వెంట చప్పుడు వదలకుండా నొక్కేస్తున్నాడు. ఆడియాలజిస్టు నొసలు చిట్లించి, తన అట్టను సరిచూసుకుంది. సరిగానే ఉంది. అప్పుడు పక్కకు తిరిగింది.

పక్కన, అట్టకు ఇవతలివైపు, తల్లి ఒళ్ళో గోళీ కూర్చుని ఉంది. ఆడియాలజిస్టు చెయ్యి బొత్తాం మీదికి వెళ్ళినప్పుడల్లా గోళీ తాతయ్యకేసి సూటిగా చూస్తూ, తనకున్న ఆ కాసిని కనుబొమలనూ శక్తికొద్దీ పైకెత్తుతోంది.

పరీక్షలో సాయం చేస్తూ పట్టుబడి హాలు బయటికి వెళ్ళినవాళ్ళలో రెండేళ్ళ మూడు నెలల వయసువాళ్ళను తాతయ్య అంతకుముందు చూడలేదు.